పాత సినిమాల డిస్కులు: ఒక ఆపరేటరు అభ్యంతరం

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత తెలుగు సినిమాల డిస్కుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏది కొనొచ్చు, ఏది కొనొద్దు అని స్టార్లు ఇచ్చి మరీ రాశారు. మంచి పనే. అందులో ఐదు స్టార్లు పడ్డ పౌరాణికం ఒకటి మా అల్లుడితో హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. కిటికీలకు దుప్పట్లు కట్టి, చప్పుడు రాకుండా ఫ్యాను కూడా బంద్ చేసి, మొదటి నుంచి చివరిదాకా చూశాను. కోపం మీద రాయకూడదని రెండు రోజులు ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

ఇదంతా చెప్పడానికి నేనెవరినని అడుగుతారు. 1971లో, నాకు పదహారేళ్లప్పుడు, నకిరేకల్, హాలియా వైపు తిరిగే ఒక టూరింగ్ టాకీస్‌లో రీళ్లు చుట్టే పిల్లగాడిగా చేరాను. తర్వాత నల్లగొండలో పక్కా హాలుకు మారాను. అసిస్టెంటు నుంచి ఆపరేటర్‌నయ్యాను. 2011లో మా హాలుకు ఫిల్ముతో పనిలేని శాటిలైట్ బొమ్మ వచ్చి, రెండు ప్రొజెక్టర్లనూ పాత ఇనుము కింద తూకం వేసేదాకా అదే పని. ప్రొజెక్టరు దీపంలో కాలే కార్బన్ పుల్లల పొగ పీల్చాను, జెనాన్ లైటు వేడికి కాగాను. నలభై ఏళ్లు సినిమాను క్యాబిన్‌లోని జానెడు అద్దం కిటికీలోంచే చూశాను. చదువు ఏడో తరగతి. కనుక తప్పులుంటే దిద్దుకుని వేయండి, విషయం మాత్రం మార్చకండి.

‘గీత లేదు, మచ్చ లేదు, బొమ్మ అద్దంలా ఉంది’ అని మీ వ్యాసకర్త మెచ్చుకున్నారు. నా పేచీ ఆ అద్దంతోనే.

ఆపరేటరు ఫోకస్ ఎట్లా పెడతాడో చాలామందికి తెలియదు. హీరోయిన్ ముఖం చూసి పెడతాడనుకుంటారు. ముఖాన్ని నమ్ముకుంటే మోసపోతాం. కెమెరామనే లెన్సుకు పలచటి జాలీ గుడ్డ అడ్డం పెట్టి ఆ ముఖాన్ని మెత్తగా తీసి ఉండొచ్చు. మేము చూసేది గ్రెయిన్. బ్లాక్ అండ్ వైట్ బొమ్మ అంటే మరేం లేదు, ఫిల్ము మీద వెండి రేణువులు. తెర మీద అవి సన్నటి బొంబాయి రవ్వ చల్లినట్టు కదులుతుంటాయి. లెన్సు మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట ఆ రవ్వ టక్కున విడివిడిగా నిలబడుతుంది. అక్కడ చెయ్యి తీసేయాలి. మా ఉస్తాద్ ఒకే మాట చెప్పేవాడు: “మొఖం సంగతి డైరెక్టరు సూసుకుంటడు, నువ్వు రవ్వ సూడు బిడ్డా.”

ఆ ఐదు స్టార్ల డిస్కులో గంటన్నర వెతికినా నాకు రవ్వ కనబడలేదు.

ఎవరో కంప్యూటర్ మీద కూర్చుని దాన్ని శుభ్రంగా తుడిచేశారు. రవ్వ ఒక్కటే పోతే సరిపెట్టుకునేవాణ్ని. రవ్వతోపాటే ముని గడ్డంలో వెంట్రుకలు పోయి దూదిముద్ద మిగిలింది. రాజుగారి చెంపలు మైనంతో పోత పోసినట్టున్నాయి. ఆయన తల తిప్పినప్పుడు వెనకున్న గోడ కూడా ఒక క్షణం ఆయనను పట్టుకుని జారుతుంది, తడిగోడ మీద సున్నం జారినట్టు. అన్నిటికంటే విచిత్రం పూలవాన. దేవతలు పై నుంచి పూలు చల్లుతారు. నా డిస్కులో దోసెడు పూలు బయలుదేరితే కిందికి చేరేది నాలుగే. దుమ్ము తుడిచే ఆ యంత్రానికి ఒక ఫ్రేములో కనబడి మరుసటి ఫ్రేములో ఆ చోట లేనిదల్లా దుమ్మే. పువ్వని దానికేం తెలుసు?

పాతకాలం మోజుతో అంటున్నానని అనుకోవద్దు, నా దగ్గర సాక్ష్యం ఉంది. రీలు తెగినప్పుడు నాలుగైదు ఫ్రేములు కత్తిరించి, సిమెంటు పూసి అతికించేవాళ్లం. ఆ ముక్కల కోసం పిల్లలు హాలు వెనక గోడ దగ్గర కాపు కాసేవారు. పోయిన బల్బులో నీళ్లు నింపి, అద్దంతో ఎండ కొట్టించి, తాత పంచె మీద బొమ్మ వేసుకునేవారు. వాళ్లకు పంచగా మిగిలినవి ఒక బిస్కెట్ డబ్బాలో దాచాను. అందులో ఇదే పౌరాణికానివి ఆరు ఫ్రేములున్నాయి. మూత తీస్తే సిర్కా (వెనిగర్) వాసన ముక్కు పగలగొడుతుంది. ఆ ఫిల్ము పాడయ్యేటప్పుడు అదే వాసన. అయినా కిటికీ వెలుగుకు పట్టి గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దం పెట్టి చూస్తే, రాణిగారి పైట అంచు మీద జరీ గళ్లు లెక్కపెట్టొచ్చు. డిస్కులో అదే చోట బొమ్మ ఆపి చూశాను. తెల్లటి పట్టీ ఉంది. గళ్లు లేవు. అంగుళం వెడల్పు కూడా లేని ఫిల్ము బొమ్మలో ఉన్నది నలభై మూడు అంగుళాల టీవీలో ఎందుకు లేదో మీ వ్యాసకర్త చెప్పాలి.

దుమ్ము గురించి ఇంకో మాట. మచ్చలు ఉన్నాయా లేవా అని చూస్తే చాలదు, ఏ రంగు మచ్చలో చూడాలి. నెగెటివ్ అంటే కెమెరాలో ఆడిన అసలు ఫిల్ము, దాని మీద పడ్డ దుమ్ము తెర మీద తెల్ల చుక్కగా వస్తుంది. ప్రింటు అంటే దాని నుంచి హాళ్లకు తీసిన నకలు, దాని మీద పడ్డ దుమ్ము నల్ల చుక్కగా వస్తుంది. రంగుల ప్రింటు మీద పైపైన గీత పడితే ఆకుపచ్చగా కనబడుతుంది. ఇక రీలు చివర కుడివైపు పై మూలన గుండ్రటి చుక్క ఒకటి మెరుస్తుంది, ఏడు సెకన్లకు ఇంకొకటి. మొదటి చుక్కకు రెండో ప్రొజెక్టరు మోటారు వేయాలి, రెండో చుక్కకు బొమ్మను దాని మీదికి మార్చాలి. నా జీవితంలో సగం ఆ రెండు చుక్కల మధ్యే గడిచింది. డిస్కులో పది, ఇరవై నిమిషాలకోసారి ఆ చుక్కలు కనబడుతున్నాయంటే అది హాళ్లలో తిరిగిన ప్రింటు నుంచి తీసిందేమోనని అనుమానించాలి. అట్ట మీద ‘ఒరిజినల్ నెగెటివ్ నుంచి’ అని బంగారు అక్షరాలతో ఎంత రాసినా సరే. ఐదు స్టార్ల డిస్కులో మూడు చోట్ల నేను లెక్కపెట్టాను. మిగతా చోట్ల తుడిచేశారు, ఆ మూలన గాలిబుడగలాంటి మరక మిగిలింది.

బొమ్మ ఆకారం సంగతికి వస్తాను. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’, 1974లో వచ్చింది. స్కోప్ లెన్సు మా హాలుకు కొత్తగా వచ్చినప్పుడు ఒక ఆటకు నేను దాన్ని తగిలించడం మరిచాను. ఫిల్ము మీద బొమ్మ పక్కల నుంచి నొక్కి ఉంటుంది, లెన్సే దాన్ని వెడల్పు చేయాలి. తెర మీద అందరూ మునగకాడల్లా నిలబడ్డారు. నేల టికెట్టు వాళ్లు ఈలలు వేసి నా తాతముత్తాతలను తలచుకున్నారు. అంటే తప్పు జరిగిందని చదువు రాని వాళ్లకు కూడా అర నిమిషంలో తెలిసిపోయింది.

ఇప్పుడు ఇళ్లలో దానికి తలకిందులు జరుగుతోంది. 1950ల నాటి బొమ్మ దాదాపు చదరం. ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీలో అది సరిగ్గా కనబడాలంటే రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండి తీరాలి. మా అల్లుడు ఆ పట్టీలు చూడగానే “ఇదేంది మామా, టీవీ సగమే వాడుతున్నది” అని రిమోట్ నొక్కి నిండా సాగదీశాడు. నాయిక ఒక్క నొక్కుతో పది కిలోలు పెరిగింది. మనుషుల ఒళ్లు చూసి తేల్చుకోవడం కష్టం, గుండ్రటి వస్తువు చూడండి. చందమామ, రథచక్రం, లడ్డు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి విందు వచ్చినప్పుడు లడ్డు కోడిగుడ్డులా కనబడితే వెంటనే రిమోట్ తీసుకోవాలి.

సాగదీయడం ఇంట్లో సరిచేసుకోవచ్చు. డిస్కు చేసేవాళ్లే కోసేస్తే మనం చేసేదేం లేదు. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో రంగులు వేసి, శబ్దం మార్చి, బొమ్మను సినిమాస్కోప్ చేసి మళ్లీ హాళ్లలో విడుదల చేశారు. హైదరాబాద్ పోయి చూసొచ్చాను. నా ముందు వరుసలో పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ పిల్లలు నలుపు తెలుపు బొమ్మకు వచ్చేవాళ్లు కాదని ఒప్పుకుంటాను. రంగులూ ఎబ్బెట్టుగా లేవు. కానీ లెక్క వేయండి. 1.37 బొమ్మతో 2.35 వెడల్పున్న స్కోప్ తెరను అడ్డంగా నింపాలంటే పైనా కిందా కలిపి పదింట నాలుగు పాళ్లు వదులుకోవాలి. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. తల మీద ఎంత ఖాళీ ఉంచాలో, కాళ్ల దగ్గర ఎంత నేల చూపాలో కొలిచి పెట్టిన మనిషి. నిడివి కూడా తగ్గించారు, కొన్ని పాటలూ పద్యాలూ పోయాయి. అలాంటి దాన్ని ‘పాతదే, బాగుచేసింది’ అని స్టార్లు ఇవ్వొద్దని నా మనవి. అది వేరే వస్తువు, దాని లెక్క వేరే వేయండి.

అదే సినిమాలో ‘లాహిరి లాహిరి’ పాట నాకు నలుపు తెలుపుల పరీక్ష. వెన్నెల, నీళ్లు, పడవ. ఆ పాటలో నిజానికి నలుపు కొంచెమే, తెలుపు కొంచెమే. మధ్యలో ఉన్న బూడిద రంగులే వెన్నెల. డిస్కుల వాళ్లు బొమ్మ ‘పంచ్’గా ఉండాలని నలుపును ఇంకా నలుపు, తెలుపును ఇంకా తెలుపు చేస్తారు. అప్పుడు చీకట్లో చెట్లు తారు పూసినట్టు అయిపోతాయి, జడలో మల్లెలన్నీ ఒకే తెల్ల ముద్ద అవుతాయి. మా ఊరి పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. లోపలే మసక, ఆ మసకలో ఇంకో నీడ. అడుగు పెట్టగానే ఏమీ తెలియదు, కన్ను కుదురుకున్నాక రెండూ వేరువేరుగా తెలుస్తాయి. మంచి డిస్కులో చీకటి అట్లా ఉండాలి. ఫోన్‌తో ఫొటో తీస్తే ఆ నీడ సరిగ్గా రాదు, ఎన్నోసార్లు ప్రయత్నించాను, అది వేరే సంగతి.

శబ్దానికి మీ వ్యాసంలో రెండు వాక్యాలే దక్కాయి. ‘5.1 సౌండ్, హాలులో కూర్చున్నట్టే ఉంది’ అన్నారు. ఏ హాలులో? ఆ రోజుల్లో తెర వెనక స్పీకరు ఉండేది, మాట నోట్లోంచి వచ్చినట్టే ఉండేది. ఫిల్ము అంచున సన్నటి పట్టీగా శబ్దం ముద్రించి ఉంటుంది. దాని గుండా దీపం వెలుగు పోతే, ఆ వెలుగు హెచ్చుతగ్గులే మాట, పాట. ఉన్నది ఒక్కటే పట్టీ. దాన్ని 5.1 పేరుతో ఆరు పాళ్లు చేసి గదిలో ఆరు దిక్కులకు పంచితే వచ్చేది ప్రతిధ్వని. ఘంటసాల పద్యం ఎత్తుకుంటే తంబుర నా వెనకున్న బీరువాలోంచి వినబడింది.

ఆ పట్టీ మీద పాతబడ్డ కొద్దీ ‘స్‌స్‌’మని సన్నటి చప్పుడు చేరుతుంది. దాన్ని పూర్తిగా తీసేయాలని పట్టుపడతారు. పాత ట్రాకులో సన్నటి స్వరాలు ఎలాగూ తక్కువే, చప్పుడును కోయబోయి ఉన్న ఆ కాస్తనూ కోసేస్తారు. పరీక్ష తేలిక: స, శ, ష వినండి. ‘శశిరేఖ’ అన్నప్పుడు మొదటి రెండు అక్షరాలూ నోట్లో దూది పెట్టుకుని పలికినట్టుంటే చప్పుడుతోపాటు గొంతూ పోయిందని అర్థం. మరోటి, మాటకూ మాటకూ నడుమ వినండి. నిజమైన ట్రాకులో అక్కడ కూడా గాలి ఆడుతుంది. అతిగా తుడిచిన దాంట్లో బావిలోకి తొంగిచూసినట్టు ఒక్కసారి నిశ్శబ్దం, మళ్లీ మాట, మళ్లీ నిశ్శబ్దం.

ఇంకొకటి నేను కనిపెట్టింది కాదు. రామగిరిలో భజనకు హార్మోనియం వాయించే నా సోపతిగాడు పట్టుకున్నాడు. నా దగ్గరున్న ఒక వీసీడీలో, అంటే డీవీడీకి ముందు కాలపు డిస్కులో, పాటకు సహకారం వాయించబోతే శ్రుతి ఏ మెట్టు మీదా కూర్చోలేదు, రెండు మెట్ల నడుమ ఇరుక్కుంది. అదే పాట రేడియోలో వస్తే ఠంచనుగా మెట్టు మీద కూర్చునేది. హార్మోనియం పాడైందని వాడు, టీవీ పాడైందని నేను వారం రోజులు వాదించుకున్నాం. తప్పు రెంటిదీ కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన పాత పాల్ టీవీ పద్ధతి సెకనుకు 25. చాలా డిస్కుల్లో 24ను అలాగే 25 వేగంతో పరుగెత్తిస్తారు. అప్పుడు మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది, గొంతు దాదాపు ముప్పావు మెట్టు పైకి పోతుంది. ఘంటసాల కాస్త పిల్లగాడవుతాడు. కోత లేకుండానే నిడివి తగ్గే దారి ఇదొకటి ఉంది. నిడివి చూసి కోత పడిందని తేల్చేముందు ఈ లెక్క చేయాలి.

ఒకే డీవీడీలో మూడు సినిమాలు అని అమ్మే వాటి గురించి ఎక్కువ రాయను. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. అది ఒక్క సినిమాకే బొటాబొటి. ఏడున్నర గంటల బొమ్మను అందులో కూరితే నీటి అలలు, హోమం పొగ చదరపు గళ్లుగా పగిలిపోతాయి. పెళ్లిభోజనాల దగ్గర ఒక్క విస్తరిలో ముగ్గురిని కూర్చోబెట్టినట్టు.

మీ వ్యాసకర్త ఏ టీవీలో, ఏ సెట్టింగులో చూశారో కూడా రాస్తే బాగుండేది. కొట్టులో పెట్టిన టీవీ పక్క టీవీని ఓడించాలి కనుక ‘వివిడ్’లో ఉంటుంది. ఇంట్లో ‘సినిమా’ అన్న చోట పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, కదలిక నునుపు చేసేదాన్ని ఆపేయాలి. లేకపోతే భీముడు గద ఎత్తినా మధ్యాహ్నం సీరియల్లా ఉంటుంది.

నేనేదో మా హాలు స్వర్గమని చెప్పడం లేదు. ప్రింటు బాక్సులు నైజాం అంతా తిరిగి మా దాకా వచ్చేసరికి తెర మీద వాన కురుస్తుండేది. పాటలో చరణం తెగి అతుకు పడేది. కరెంటు సగమే ఉన్న రోజు పౌర్ణమి అమావాస్యగా మారేది. రెండో ఆట నుంచి ఇంటికి తొందరగా పోవాలని ఒక కామెడీ రీలు ఎగరగొట్టిన పాపం నాది కూడా. కనుక గీతలంటే నాకేం ముచ్చట లేదు. గీతలు తీయండి, వద్దన్నదెవరు? బట్ట ఉతకమంటే నేతను కూడా ఉతికేస్తేనే నా బాధ.

ఇకమీదట స్టార్లు ఇచ్చేటప్పుడు ఆ డిస్కు నెగెటివ్ నుంచి తీసిందా, తిరిగిన ప్రింటు నుంచి తీసిందా, చట్రం 1.37 ఉందా లేదా, నిడివి ఎన్ని నిమిషాలు, పద్యాలు ఎన్ని పోయాయి అన్నది రాయించండి. అందంగా ఉందో లేదో మేము చూసుకుంటాం.

నిడివి అన్నాను కనుక చెప్తున్నాను. ఆ ఐదు స్టార్ల డిస్కు 140 నిమిషాలు. నా దగ్గర అదే సినిమా పాత వీసీడీ ఉంది, మూడు డిస్కులు, కలిపి 166 నిమిషాలు. దాన్ని 25తో హెచ్చవేసి 24తో భాగిస్తే 173. అంటే కొత్తది 24 వేగంతోనే నడుస్తుందనుకుంటే దాంట్లో 33 నిమిషాలు లేవు. చేతివేళ్లతో లెక్కపెట్టాను, పదకొండు పద్యాలు. వీసీడీ బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288, అంతే. నలభై మూడు అంగుళాల టీవీలో వేస్తే గోనెసంచి మీద ముగ్గు వేసినట్టుంటుంది. మూలన కంపెనీ బిళ్ల కూడా ఉంది. అయినా నేను వేసుకుంటున్నది దాన్నే.

అందులో రెండో డిస్కును మా మనుమడు నేల మీద బొంగరంలా తిప్పాడు, ఇప్పుడు నలభయ్యో నిమిషం దగ్గర ఆగిపోతోంది. రాయబారం పద్యాలు దాని తర్వాతే. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఆ మూడు డిస్కుల సెట్టు చెక్కుచెదరకుండా ఉంటే మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమనండి. సినిమా పేరు విడిగా చీటీ మీద రాసి ఈ కవరులోనే పెట్టాను. ఐదు స్టార్ల డిస్కు బదులు ఇచ్చేస్తాను, డబ్బా కొత్తదే.

ఇట్లు,
ఒక పాత ఆపరేటరు,
రామగిరి, నల్లగొండ